అడ్డుకొమ్మ

ఆమెకు పట్నంలో ఓ పేరుంది. ఆ పేరుకు ముందో తోక, వెనకో తోక. కొండ మీద మాత్రం అవేవీ చెల్లలేదు. కొత్త మనిషి వస్తే ఊరు ఆరా తీయడం లోకంలో ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ వచ్చిన మనిషే ఊరిని పట్టుకుని, ఈ చెట్టు ఎవరిది, ఆ వాగులో చేపలు ఎవరివి, మీ తాత పోయాక ఆయన కత్తి ఎవరికొచ్చింది అని ప్రాణాలు తోడేస్తుంటే, వారం తిరక్కుండానే అందరూ కలిసి 'ఆరాలమ్మ' అని పేరు పెట్టేశారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ కొండ మీద అడిగేవాళ్ళే లోకువ. వేలెడంత లేని పిల్లలు కూడా ఎదురొచ్చి, "ఆరాలమ్మా, ఇవాళ నన్నేం అడగవా?" అని వేళాకోళం చేసేవాళ్ళు.

ఆమె చదువు సమాజశాస్త్రం. అడవిలో ఏ చోటు ఎవరిది, ఎవరు ఎంత తీసుకోవచ్చు, ఇక చాలు ఆపమని చెప్పే అధికారం ఎవరిది, ఇదంతా కాగితం ముక్కయినా లేకుండా ఎలా నడుస్తోందో తెలుసుకోవాలని కొండెక్కింది. రెండేళ్ళలో పని ముగించుకుని దిగిపోదామనుకుంది. జుట్టు నెరిసేదాకా ఎక్కుతూ దిగుతూనే ఉంది.

మొదట ఆమెను ఇంట్లోకి రానిచ్చింది పెద్దక్క. ఆరాలమ్మ కంటే నాలుగేళ్ళు పెద్ద, నోరు మాత్రం నలభై ఏళ్ళు పెద్ద. పుస్తకాల్లో రాసే అమాయకపు అడవి మనిషి కాదు పెద్దక్క. పొరుగింటి తేనెపట్టు మీద కన్నుండేది, పడనివాళ్ళ కోళ్ళకు శాపనార్థాలు పెట్టేది. మొదటి ఏడంతా ఆరాలమ్మ చెమటలు కక్కుతూ రాసుకున్న చుట్టరికాల్లో సగం ఈమె సరదాకి కల్పించి చెప్పినవే. రెండో ఏడు ఆ సంగతి బయటపడి ఆరాలమ్మ ఏడుపు మొహం పెడితే, పెద్దక్క పొట్ట పట్టుకుని నవ్వి, "పిచ్చిదానా, అన్నం తిను" అని దగ్గర కూర్చోబెట్టుకుంది. ఆ రోజు నుంచి వాళ్ళు అక్కాచెల్లెళ్ళు. పెద్దక్క మొగుడు ఆమెకు బావ అయ్యాడు. ఇంటి వెనక తడికలతో ఒక గది లేచింది, దానికి మట్టి మెత్తారు, వాగు వైపు ఒక తలుపు పెట్టారు. దాన్ని చెల్లెలి గది అనేవాళ్ళు. ఆరాలమ్మ రానప్పుడు అందులో గుమ్మడికాయలు పెట్టుకునేవాళ్ళు, వస్తోందని తెలిస్తే తీసేసి అలికేవాళ్ళు.

ఆ కొండ మీద ప్రతి ఇంటికీ అడవిలో ఒక వాలు ఉంటుంది. వాలంటే కిందికి జారే నేల, దాని మీది వెదురు, దుంపలు, తేనె, కట్టెలు అన్నీ కలిపి. వాడుకుని వాడుకుని వాలు నీరసించిపోయిందని తోస్తే, ఆ ఇంటి పెద్దావిడ దాన్ని మూసేస్తుంది. దారి మొదట్లో రెండు కొమ్మలు అడ్డంగా నిలిపి, అడవి తీగతో ముడి వేస్తుంది. అదే అడ్డుకొమ్మ. అది పడిందంటే ఎంత మొనగాడైనా అటు కాలు పెట్టడు. కొమ్మలు పుచ్చి రాలిపోయినా, తీగ మట్టిలో కలిసిపోయినా ముడి ముడే. దాన్ని తీయాల్సింది మూసినావిడ మనవరాలు. ఆ మనవరాలు కూడా తన కడుపు పండి, తన కూతురి కడుపు పండి, తానూ అమ్మమ్మ అయిన ఏడు పోయి తీయాలి. అప్పటికి అక్కడ ముడి ఎక్కడుంటుంది? అందుకని లేని ముడిని కత్తితో కోస్తుందట. గాలిలో ఒక్క వేటు వేసి, లోపలికి నడుస్తుందట.

"కూతురు తీయకూడదా?" అని అడిగింది ఆరాలమ్మ.

"కూతురికిస్తే వచ్చే ఏడే తీస్తానని తల్లి ప్రాణం తీస్తుంది. మనవరాలైతే ఇంకా పుట్టి ఉండదుగా. పుట్టనిదాంతో పోరెక్కడిది?" అంది పెద్దక్క.

ఒకసారి ఊరి మంత్రసాని తన వాలు మూస్తుంటే చూడటానికి ఊరంతా వెళ్ళింది. ఆరాలమ్మ ఫోటోలు తీసి తీసి, ఉత్సాహం ఆగక, సాయం చేద్దామని తీగ కొస పట్టుకోబోయింది. పెద్దక్క ఠపీమని చేతి మీద కొట్టింది.

"నువ్వు ముట్టుకోకే తల్లీ! నీ చెయ్యి పడితే ఇంక దాన్ని తీసే దిక్కెవరు? నీకు పెళ్ళే లేదు, మనవరాలు ఆకాశంలోంచి ఊడిపడుతుందా?"

అందరూ గొల్లుమన్నారు. ఆరాలమ్మ కూడా నవ్వింది. నవ్వి, పిల్లలు లేనివాళ్ళు ముడి వేయకూడదన్న నియమాన్ని పుస్తకంలో రాసుకుంది. చెయ్యి చుర్రుమన్న సంగతి మాత్రం రాసుకోలేదు.

పెద్దక్క వాళ్ళ వాలును మూసింది ఆమె అమ్మమ్మ. వెనకటికి కొండకు కార్చిచ్చు పట్టి సగం అడవి బూడిదైతే, ఆ ఊరి అమ్మమ్మలంతా ఒకే ఏడు, ఒకరి పక్కన ఒకరు, వరసగా తమ వాలులు మూసేశారు. తెరిచే వంతు ఇప్పుడు మనవరాళ్ళది. వాళ్ళందరిలో పెద్దది పెద్దక్క. ఆమె తీస్తేగానీ తక్కినవాళ్ళు తీయడానికి లేదు. అందుకే ఆమెకు ఆ వాలంటే అంత ఆరాటం. "లోపల వెదురు తొడంత లావుందిట. నరికి అమ్మితే ఇంటికి రేకులు పడతాయి. ఈ కారే కప్పు కింద ఎన్నాళ్ళని తడవను?" అని ఆరాలమ్మతో ఎన్నిసార్లు అన్నదో.

ఆ మాట పుస్తకంలోకి ఎక్కలేదు. ఎక్కితే అందం చెడుతుందని ఆరాలమ్మకు అనిపించింది. మూసిన అడవి, మాట మీద నిలబడిన జనం, తరాల ఓపిక, వీటి మధ్య రేకుల కప్పేమిటి?

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆరాలమ్మకు చదువు చెప్పిన గురువుగారు పోతూ పోతూ ఆమెకు ఇచ్చిన ఆస్తి ఒకే ఒక్క మాట. "కళ్ళతో చూసింది వేరు, చెవులతో విన్నది వేరు. రెండూ కలిపి వండితే అది పరిశోధన కాదు, పుకారు." ఆ మాటను ఆమె చంటిబిడ్డలా సాకింది. తన దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ అదే నూరిపోసింది. అందుకని వాలు మూయడం గురించి ఫోటోలతో సహా అధ్యాయాలకు అధ్యాయాలు రాసింది. తెరవడం గురించి రాయాల్సి వచ్చేసరికి కలం ఆగింది. ఇన్నేళ్ళలో ఒక్క వాలు కూడా తెరవగా చూడలేదే! నిజాయితీపరురాలు కదా, ఒకే వాక్యం రాసింది. 'తెరిచే పద్ధతి ఒకటి ఉందని చెబుతారు. ఈ పరిశోధనలో అది కంటపడలేదు.' రాసిన రోజు ఆమెకు తన మీద తనకే గౌరవం కలిగింది. చూడబోతే అది చిన్న వాక్యమే. అదే తర్వాత ఏకుమేకైంది.

పుస్తకానికి మంచి పేరొచ్చింది. చదువురాని కొండజనం సర్కారు కంటే బాగా అడవిని ఏలుకుంటున్నారని, వాళ్ళను కదిలించకూడదని ఆమె ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. రాళ్ళ క్వారీ కోసం ఆ కొండ మీద కన్నేసినవాళ్ళు ఆ దెబ్బతో తోక ముడిచారు. అదంతా ఆమె పుణ్యమే, కాదనకూడదు.

ఒకరోజు కొండకింద దుకాణం నుంచి పెద్దక్క ఫోన్ చేసింది. ఆ గొంతుకు అసలు ఫోనే అక్కర్లేదు.

"ఒసే ఆరాలూ! నాకు మనవరాలు పుట్టింది. నిండు చంద్రుడనుకో. వచ్చే వారం కొమ్మ తీస్తున్నా. కళ్ళారా చూడాలని ఏడ్చేదానివిగా, రా మరి!"

ఆరాలమ్మ ఫోన్ పెట్టేసి, తన పుస్తకం తీసి ఆ పేజీ తెరిచింది. ఇన్నాళ్ళకు ఆ ఒక్క వాక్యం కొట్టేసి, పుస్తకాన్ని తిరిగి అచ్చు వేయించవచ్చు. చూశాను, నా కళ్ళతో చూశాను అని రాయవచ్చు. కెమెరాకు రెండు బ్యాటరీలు కొనుక్కుని, పసిదానికి ఉన్ని టోపీ కొనుక్కుని బయల్దేరింది.

ఆమె వెళ్ళేసరికి ఊరంతా వాలు దగ్గరే ఉంది. నవ్వులు లేవు. దారి మొదట్లో, అడ్డుకొమ్మ ఉండాల్సిన చోట, సిమెంటు స్తంభాలు పాతి ముళ్ళతీగ లాగారు. మధ్యలో ఇనుప గేటు, గేటుకు తాళం. రెండు రోజుల కిందటే అడవి శాఖవాళ్ళు వచ్చి వేసి వెళ్ళారట. పక్కన ఆకుపచ్చ రంగు బోర్డు, బోర్డు కింద స్టూలు మీద మీసాలాయన ఒక గార్డు. ఆయన ఆరాలమ్మను చూడగానే లేచి సెల్యూట్ కొట్టాడు.

"పుస్తకం మీద మీ ఫోటో చూశాను మేడం. మాకు ట్రైనింగులో అదే పాఠం."

పెద్దక్క భుజాన కొత్తగా నూరిన కత్తి. చంకలో పసిగుడ్డు. మొహం కందగడ్డలా ఉంది.

"ముందు ఆ బోర్డు మీద ఏముందో చదువు," అంది. ఆమెకు అక్షరాలు రావు.

ఆరాలమ్మ చదవబోయి ఆగిపోయింది. ఆ వాక్యం ఆమెకు చదవకుండానే వచ్చు. ఏ కాఫీకప్పు ముందు కూర్చుని రాసిందో కూడా గుర్తుంది. అందరూ చూస్తున్నారు కాబట్టి వాళ్ళ భాషలోకి మార్చి పైకి చదివింది. 'ఒకసారి అడ్డుకొమ్మ పడ్డాక ఈ జనం ఆ అడవిలో కాలు పెట్టరు.' కింద ఆమె పట్నపు పేరు, తోకలతో సహా. ఆ కింద, లోపలికి వస్తే శిక్ష తప్పదని ఇంకో వాక్యం. అది ఆమెది కాదు.

పెద్దక్క తల ఊపింది. "బాగానే ఉంది. నిజమేగా. తీశాక పెడతారని ఎక్కడుంది?"

"అది... పుస్తకంలో వేరేచోట ఉందక్కా."

"మరి ఆ వేరేచోటును కూడా బోర్డెక్కించమను."

బావ ముందుకొచ్చాడు. మామూలుగా కూర్చున్నచోటే కునుకు తీసే మనిషి. "ఈ తీగ ఎంతసేపు? నాలుగు దెబ్బలకు తెగుతుంది. ఊరంతా ఒకేసారి లోపలికి నడిస్తే ఈ ఒక్క మీసాలాయన ఎంతమందిని పట్టుకుంటాడు?" అన్నాడు. గార్డు మాట అర్థం కాకపోయినా మీసం సవరించుకున్నాడు. చాలామంది చేతులు కత్తుల మీదికి వెళ్ళాయి.

ఆరాలమ్మ అడ్డం పడింది. "వద్దు బావా. తీగ తెగిందంటే కేసవుతుంది. న్యాయం మనవైపు ఉండగా నేరం ఎందుకు నెత్తినేసుకోవడం? ఆ పై అధికారి నా దగ్గర చదువుకున్నవాడే. పుస్తకం రాసినదాన్ని నేను, నా మాట వినడా? విచారణ పెట్టించి ఈ గేటు తీయిస్తాను."

పెద్దక్క ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, కత్తి భుజం మీంచి దించింది.

"సరే. నీ మీదే ఉంది."

ఆ ఒక్క మాటతో ఊరు వెనక్కి తిరిగింది. అప్పుడు గానీ వాళ్ళు ఆ తీగ కోసుంటే ఏమయ్యేదో ఇప్పుడెవరు చెప్పగలరు? కేసులయ్యేవేమో, దెబ్బలు తినేవాళ్ళేమో. కానీ పెద్దక్క గాలిలో ఒక వేటు వేసి లోపలికి నడిచి ఉండేది. ఆ పని జరిగి ఉండేది. ఆరాలమ్మ దాన్ని కళ్ళారా చూసి ఉండేది.

విచారణ అడవి శాఖ కార్యాలయంలో, మేడ మీద గదిలో జరిగింది. పొడుగు బల్ల, బల్ల మీద అద్దం, అద్దం కింద పాతబడిన క్యాలెండర్ బొమ్మలు. ఫ్యాను తిరిగినప్పుడల్లా కిర్రుమంటోంది. కొండ నుంచి వచ్చినవాళ్ళకు గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్దక్క కుర్చీ అంచున కూర్చుంది. మనవరాలిని కూతురి దగ్గర వదిలి వచ్చింది కాబట్టి చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

అధికారి లేచి నిలబడి ఆరాలమ్మకు తన కుర్చీ చూపించాడు. బుద్ధిమంతుడు, లంచం పుచ్చుకోడు, అడవి అంటే ప్రాణం. చెడ్డవాడైతే ఎంత బాగుండేది! తిట్టుకోవడానికైనా వీలుండేది.

"మేడం, మీ పుస్తకం లేకపోతే ఆ కొండ ఈపాటికి కంకర అయ్యేది. క్వారీవాళ్ళ మొహాన మీ పేజీలు కొట్టి వాళ్ళని ఆపాం."

"తెలుసు నాయనా. ఇప్పుడు అదే పుస్తకం వీళ్ళ మొహాన కొడుతున్నారు. వాళ్ళ వాలు వాళ్ళు తెరుచుకుంటామంటున్నారు. అది వాళ్ళ పద్ధతి."

"పద్ధతి అయితే నేను అడ్డు చెప్పను. వాడుకలో ఉన్న కట్టుబాటును కాదనకూడదని చట్టమే చెబుతోంది. వాడుకలో ఉందని ఎవరో ఒకరు చెప్పాలి కదా. వీళ్ళు చెబితే సొంత లాభానికి అంటారు. నేను చెబితే చెల్లదు. మీరు చెబితే ఎవరూ ఎదురు మాట్లాడరు." అతను కలం తీసి, తెల్ల కాగితం ముందుకు జరుపుకున్నాడు. అతని గొంతులో నిజంగానే ఆశ ఉంది. "చెప్పండి మేడం. వాలు తెరవడం మీరు చూశారా?"

ఆరాలమ్మకు ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. చూశాను అంటే చాలు, మూడక్షరాలు. ఎప్పుడు చూశారు అని అడుగుతాడు. మరి పుస్తకంలో కంటపడలేదని ఎందుకు రాశారు అని అడుగుతాడు. అప్పుడు తక్కినవన్నీ మాత్రం చూసే రాశారా అని లోకం అడుగుతుంది. ఇన్నేళ్ళ పేరు, గురువుగారి మాట, క్లాసులో తను ఎత్తి చూపిన వేలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ తిరిగిన వాటిలో పెద్దక్క ఇంటి కప్పు లేదు. దాచి లాభం లేదు, ఆ క్షణంలో ఆమెకు ముందు గుర్తొచ్చింది తన పేరే.

"చూడలేదు," అంది. వెంటనే తొందరతొందరగా, "కానీ వాళ్ళు చెప్పారు. ఒక్కరు కాదు, ఊరంతా చెప్పారు. నేను నమ్ముతున్నాను," అంది.

అతను కలం బల్ల మీద పెట్టేశాడు.

"నమ్మకం సరే మేడం. కళ్ళతో చూసింది వేరు, చెవులతో విన్నది వేరు. రెండూ కలిపి వండితే పుకారని మాకు చెప్పింది మీరే కదా."

"చూద్దామనే కదా వచ్చాను! నువ్వు కంచె వేసి కూర్చుంటే ఎలా చూడమంటావు?"

"తెరిస్తేగానీ పద్ధతి ఉందని రుజువు కాదు. రుజువు కానిదే తెరవనివ్వడానికి నాకు అధికారం లేదు. నన్నేం చేయమంటారు?" అతని మొహం చిన్నబోయింది. "అయినా, ఇంత గొప్పగా కాపాడుకున్న అడవిని మళ్ళీ వాళ్ళ చేతే నరికించమంటారా? మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది అతని గౌరవం. ఆ మాటలన్నీ ఆరాలమ్మ మాటలే, వేరే నోట్లోంచి వస్తున్నాయి, అంతే. తన మాటకు తనే ఎదురు చెప్పుకోవడం ఆమె ఎన్నడూ నేర్చుకోలేదు.

అతను ఉత్తర్వు రాయించాడు. ఆ వరస వాలులన్నీ ఇకనుంచీ శాశ్వతంగా రక్షిత ప్రాంతం. మనుషులు పోకూడదు. రాయించి, అతి మర్యాదగా అన్నాడు, "వాళ్ళ భాషలో మీరే చెప్పండి మేడం. మా వాళ్ళెవరికీ రాదు."

ఆరాలమ్మ వెళ్ళి పెద్దక్క ముందు నిలబడింది. మొత్తం చెప్పింది. ఒక్క మాటా వదల్లేదు, ఒక్క మాటా కలపలేదు. అనువాదంలో ఆమెకు వంక పెట్టినవాళ్ళు లేరు. పెద్దక్క చివరిదాకా విని, చేతులు దులుపుకుని లేచింది.

"సంతల్లో తిరిగి పెరిగినదాన్ని, వాళ్ళ భాష నాకు రాదనుకున్నావా? అతనన్నప్పుడే తెలిసింది. నీ నోటితో చెబుతావో లేదో చూద్దామని కూర్చున్నా."

తిరుగు బస్సు కొండకింద దిగాక, తక్కినవాళ్ళు ముందు నడిచిపోతుంటే పెద్దక్క ఒక రాయి మీద కూలబడింది. ఆరాలమ్మ పక్కన నిలబడింది, కూర్చోమని అంటుందేమోనని.

"మా అమ్మమ్మను నువ్వు చూశావా?" అని అడిగింది పెద్దక్క. అన్నేళ్ళలో ఆమె అడిగే చోట ఉండటం, ఆరాలమ్మ చెప్పే చోట ఉండటం అదే మొదలు.

"లేదక్కా."

"మరి ఉందని రాశావుగా. ఈ వాలుకు ముడి వేసింది ఆవిడేనని రాశావుగా. అదీ నా నోటి మాటే. వేసిందంటే నమ్మి రాసుకున్నావు. తీయమందంటే చూస్తేగానీ రాయనన్నావు. ఏం, ఆ సగం నోటితో చెప్పి ఈ సగం ఇంకెక్కణ్ణించన్నా చెప్పానా?"

ఆరాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పే అక్కా. ఇంకో పుస్తకం రాస్తాను. పేపర్లలో రాస్తాను. పై కోర్టుకు వెళదాం..."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా? ఇందాక ఒక్క మాట అంటే పోయేదిగా. చూశానని. ఒక్క మాట."

"అది అబద్ధం కదక్కా."

"అబద్ధమే. మొదటి ఏడంతా నేను నీకు ఎన్ని అబద్ధాలు చెప్పాను! అన్నీ ముత్యాల్లా రాసుకున్నావు. నాకోసం ఒక్కటి ఆడలేకపోయావా?"

"అబద్ధమని తేలితే నా పుస్తకమంతా పోతుందక్కా. ఎవరూ నమ్మరు."

"పోతే పోనీ! పుస్తకం నీది. వాలు మాది." పెద్దక్క కొండవైపు చెయ్యి చూపింది. "దాని కోసం మా అమ్మ జీవితమంతా ఆకలి చంపుకుని ఆ దారిన మొహం తిప్పుకుని నడిచింది. నేనూ అంతే. ఏ పులో తిరగడానికని కాదు. తెరిచే రోజొస్తుందని. బావ కంచె కోస్తానంటే నువ్వు ఆపావు. నీ మీదే ఉందన్నాను. అంతే, నాదీ తప్పే."

లేచి, ఆగకుండా కొండెక్కేసింది. ఆరాలమ్మ వెనక పడి నడిచింది గానీ ఆయాసం వచ్చి అందుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున ఆరాలమ్మ సంచి సర్దుకుంది. ఎప్పుడూ ఆ సంచి బావ మోసుకొచ్చి బస్సెక్కించేవాడు, దారంతా మరదలా అని ఆటపట్టించేవాడు. ఆ రోజు కనిపించలేదు. పసిదాని టోపీ ఇంకా కాగితంలోనే ఉంది. ఇద్దామా వద్దా అని ఆలోచిస్తూ తలుపు తీసేసరికి ఎదురుగా పెద్దక్క. చేతిలో పచ్చి కొమ్మలు రెండు, అడవి తీగ చుట్ట.

"అన్నీ తీసుకున్నావా? లోపల ఏమన్నా ఉండిపోయాయా?"

"లేవక్కా."

"అయితే తలుపు దగ్గరికెయ్యి."

ఆరాలమ్మ తలుపు వేసింది. పెద్దక్క కొమ్మలు రెండూ ద్వారానికి అడ్డంగా, ఒకదాని మీద ఒకటి నిలిపింది. తీగ చుట్ట విప్పి, కొస ఆరాలమ్మ చేతికి అందించింది.

"కట్టు."

ఆరాలమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక చేయి వెనక్కి తీసుకుంది.

"నా చేత్తోనా అక్కా? నా చెయ్యి పడకూడదుగా. నాకు..."

"తెలుసు. కట్టు."

చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. మంత్రసాని కూడా వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరూ చేతి మీద కొట్టలేదు. కొడితే బాగుండునని ఆరాలమ్మకు అనిపించింది. పెద్దక్క కొమ్మలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని, సహాయానికి పిలిచిన మనిషిలా ఓపిగ్గా నిలబడింది.

ఆరాలమ్మ తీగ చుట్టింది. ఆ ముడి ఎలా పడుతుందో ఆమెకు వెంట్రుకవాసి తేడా లేకుండా తెలుసు. పుస్తకంలో బొమ్మలు గీసి చూపించింది కూడా. కింది నుంచి పైకి, పై నుంచి పక్కకి, మళ్ళీ లోపలికి. వేళ్ళకు జిగురు అంటుకుంది.

"గట్టిగా లాగు. వదులుగా ఉంది," అంది పెద్దక్క.

గట్టిగా లాగింది. ముడి పడింది. పెద్దక్క రెండు వేళ్ళతో దాన్ని లాగి చూసి, కొమ్మలు వదిలేసి, చేతులు చీరకు తుడుచుకుంది.

"ఇది మాత్రం కళ్ళారా చూశావుగా," అంది. "రాసుకో."